రోజుకు నాలుగు అధ్యాయాలా, నాలుగు వచనాలా? అనుదిన వాక్యధ్యానానికి ఏ పద్ధతి ఎవరికి నప్పుతుంది

డిసెంబరు 31 రాత్రి ఆరాధన అయ్యాక ఈ ఏడాది బైబిలంతా చదవాలని చాలా ఇళ్లలో తీర్మానం చేసుకుంటారు. ఆదికాండం చకచకా నడుస్తుంది. నిర్గమకాండంలో ఎర్రసముద్రం దాటేదాకా ఆసక్తి తగ్గదు. ప్రత్యక్ష గుడారం కొలతలు మొదలయ్యేసరికి చదువు మందగిస్తుంది. జనవరి నెలాఖరుకు లేవీయకాండం వస్తుంది, ఫిబ్రవరి సగానికల్లా బైబిలు మళ్లీ బీరువా మీదికి చేరుతుంది. ఇలా ఆగిపోయినవాళ్లు తమకు భక్తి చాలలేదని అనుకుంటారు. ఎక్కువమంది విషయంలో లోపం భక్తిది కాదు. వాళ్ల ఇంటి వేళలకు, వాళ్ల పనికి సరిపడని పద్ధతిని ఎంచుకున్నారు, అంతే.

మొదట రెండు ప్రశ్నలను విడదీసుకోవాలి. రోజుకు ఎంత చదవాలి అనేది ఒకటి. చదివినదాన్ని ఎలా ధ్యానించాలి అనేది మరొకటి. ఎక్కడ ఏ బైబిలు పఠన పట్టిక చూసినా మొదటిదానికే జవాబు దొరుకుతుంది. రెండోదాన్ని ఎవరూ చెప్పరు. అందుకే 365 రోజులూ గళ్లు కొట్టినవాళ్లకు కూడా సాయంత్రానికి పొద్దున చదివినది గుర్తుండదు.

"యెహోవా ధర్మశాస్త్రమునందు ఆనందించుచు దివారాత్రము దానిని ధ్యానించువాడు ధన్యుడు" అంటుంది మొదటి కీర్తన. అక్కడ ధ్యానించడం అని మనం చదివే చోట హీబ్రూలో ఉన్న మాట 'హాగా'. నోట్లో గొణుక్కోవడం, సన్నగా పలుకుతూ ఉండడం దాని అర్థం. యెషయా 31:4లో వేట మీద సింహం చేసే గుర్రుకూ, 38:14లో గువ్వ మూలుగుకూ ఇదే మాట వాడారు. కాబట్టి కళ్లు మూసుకుని మనసు ఖాళీ చేసుకోవడం బైబిలు చెప్పే ధ్యానం కాదు. నోటితో మెల్లగా పదేపదే పలకడం ధ్యానం. తిరుపతిలో ఒక్క గది అద్దె ఇళ్లలో తెల్లవారుజామున గట్టిగా చదివితే పక్కవాళ్ల నిద్ర చెడుతుందని చదవడమే మానేసేవాళ్లకు ఇది ఊరట. గొణిగితే చాలు.

కార్డు మీది వచనం, రోజుకో పేజీ పుస్తకం

అన్నిటికన్నా తక్కువ సమయం పట్టేది వాగ్దాన వచనం. కార్డు మీదో క్యాలెండరు మీదో ఒక్క వాక్యం, ఒక్క నిమిషం. కంఠతా పట్టడానికి ఇంతకంటే మంచి దారి లేదు. అయితే చదువు అక్కడితోనే ఆగిపోతే ప్రమాదం ఉంది. కార్డుల మీద యిర్మీయా 29:11 తరచుగా కనబడుతుంది, "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అని. ఆ మాట బబులోనుకు చెరపట్టబడి పోయినవాళ్లకు రాసిన ఉత్తరంలోది. దాని పై వచనంలోనే డెబ్బది సంవత్సరాలు గడవాలని ఉంది. ఆ వచనం కూడా చదివినవాడు వచ్చే నెలకల్లా అప్పు తీరిపోతుందని కాక, ఆలస్యమైనా దేవుడు మరచిపోడని అర్థం చేసుకుంటాడు. అసలు మత్తయి 4:6లో సాతాను కూడా కీర్తన 91లోని మాటలనే ఎత్తి చెప్పాడు, "నీ మార్గములన్నిటిలో" అన్న ముక్కను మాత్రం వదిలేసి. అందువల్ల కార్డు వచ్చిన రోజే ఆ వచనానికి పైన అయిదు, కింద అయిదు వచనాలు తప్పకుండా చదవండి. మూడు నిమిషాలు చాలు.

తేదీ వేసి, వచనం, చిన్న వివరణ, ప్రార్థన ఇచ్చే ధ్యాన పుస్తకాలు కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాళ్లకు, ఒంటరిగా ఉండే పెద్దలకు మంచి ఊతం. ఇక్కడ జరిగే పొరపాటు ఒకటే. వివరణ మాత్రం చదివి, బైబిలు తెరవకుండానే ముగిస్తారు. దానికి మందు క్రమం మార్చడం: ముందు బైబిలులో ఆ భాగం, తర్వాత రెండు నిమిషాలు సొంత ఆలోచన, ఆఖరున పుస్తకం. రచయిత చెప్పినది మీకు తట్టినదానికి వేరుగా ఉంటే కంగారు పడనక్కర్లేదు. ఎందుకు వేరైందో చూడడానికి మళ్లీ వచనం దగ్గరికి వెళ్తారు, అదే లాభం.

ఏడాదిలో బైబిలంతా

లెక్కతో మొదలుపెడదాం. ప్రొటెస్టంట్ బైబిలులో 66 పుస్తకాలు, 1,189 అధ్యాయాలు: పాత నిబంధనలో 929, క్రొత్త నిబంధనలో 260. మామూలు రోజుల్లో మూడేసి, ఆదివారం అయిదు చదివితే ఏడాదికి 1,199 అవుతాయి, అంటే పది అధ్యాయాల మిగులు. కాగితం మీద ఇది చక్కగా ఉంటుంది. ఇంట్లో జ్వరం, పెళ్లి, పరీక్షలు, మామిడి కోతలు వచ్చే ఏడాదికి ఆ పది చాలవు.

ఇంతకంటే గట్టి లెక్క ఇంకోటుంది. నెలకు 25 రోజులే చదువు పెట్టుకోండి, రోజుకు నాలుగు అధ్యాయాలు. 300 రోజులకు 1,200. ఫిబ్రవరి తప్ప ప్రతి నెలా అయిదారు ఖాళీ రోజులు మిగులుతాయి, తప్పిపోయినవి అప్పుడు చదువుకోవచ్చు. నాలుగు అధ్యాయాలకు మామూలు వేగంతో సుమారు అరగంట పెట్టుకోవాలి. లూకా మొదటి అధ్యాయంలోలాగా 80 వచనాలుంటే ఇంకొంచెం.

ఈ పద్ధతి ఎక్కడ చెడుతుందో తెలుసుకుంటే సగం గండం గడిచినట్టే. ఒకటి, బకాయి. మూడు రోజులు తప్పితే నాలుగో రోజుకు పదహారు అధ్యాయాలు ముందుంటాయి. ఆ కొండను చూసి ఎవరైనా మానేస్తారు. బకాయిని వదిలేసి ఆ రోజు తేదీ భాగం నుంచే చదవండి, ఖాళీ రోజుల్లో దొరికినంత పూడ్చండి. రెండోది, ఒకే తీరు పుస్తకాలు వరసగా రావడం. సంఖ్యాకాండం 7వ అధ్యాయంలో 89 వచనాలున్నాయి, పన్నెండు గోత్రాల ప్రధానులు తెచ్చిన ఒకే రకం కానుకల్ని పన్నెండుసార్లు చెబుతుంది. మొదటి దినవృత్తాంతములు తొమ్మిది అధ్యాయాల దాకా దాదాపు అంతా వంశావళులే. రోజుకొక్క అధ్యాయమైనా కీర్తనలనుంచో సువార్తనుంచో కలిపి చదివితే వీటిని దాటగలరు.

ఇలా కలిపి చదివే పట్టికల్లో పేరున్నది స్కాట్లండ్‌లోని డండీ పట్టణ బోధకుడు రాబర్ట్ మర్రే మెక్‌షేన్ 1842లో తన సంఘం కోసం రాసినది. రోజూ నాలుగు చోట్ల చదవాలి. జనవరి 1న ఆదికాండం 1, మత్తయి 1, ఎజ్రా 1, అపొస్తలుల కార్యములు 1. ఏడాదికి పాత నిబంధన ఒకసారి, క్రొత్త నిబంధన, కీర్తనలు రెండేసిసార్లు పూర్తవుతాయి. నాలుగు కథల్నీ తలలో నిలుపుకోగలిగినవాళ్లకు ఇది విందు. బైబిలు మొదటిసారి చదివేవాళ్లకు ఇవ్వకండి. ఎజ్రా నాటి చెర విముక్తిని ఆదికాండంతో కలగలిపి తికమకపడతారు.

నిజం చెప్పాలంటే ఈ పద్ధతిలో ధ్యానానికి చోటు తక్కువ. నాలుగు అధ్యాయాల్లో ఒక్క వచనానికి గీత పెట్టుకుని రోజంతా దాన్ని గొణుక్కోగలిగితే అదే గొప్ప. అయినా విశ్వాసి బతుకులో ఒక్కసారైనా బైబిలు మొత్తం చదవాలి. బలులు, పస్కా, యాజకత్వం తెలియకుండా హెబ్రీయులకు వ్రాసిన పత్రిక అర్థం కాదు. మొత్తం చదివిన మరుసటి ఏడాది నెమ్మదిగా చదివే పద్ధతికి మారండి.

అంత మోయలేనివాళ్లకు చిన్న రూపం ఒకటుంది. క్రొత్త నిబంధనలో 260 అధ్యాయాలు, ఏడాదికి 52 వారాలు. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకొకటి చదివితే సరిగ్గా ఏడాది. శని, ఆదివారాలు తప్పినవాటికి. ఉద్యోగాలు చేసుకునే దంపతులకు ఇంతకంటే నిలిచే లెక్క మరొకటి కనబడదు. సామెతలు 31 అధ్యాయాలు గనక తేదీని బట్టి రోజుకొకటి పిల్లలతో చదివించవచ్చు.

సంఘమంతా కలిసి చదివే పఠనాలు

కతోలిక కుటుంబాలకు పట్టిక వెతుక్కునే పని లేదు. రోజూ దివ్యబలిపూజలో చదివే పఠనాలే ఉన్నాయి. 1969లో వచ్చిన క్రమం ప్రకారం ఆదివారాలకు మూడేళ్ల చక్రం: ఏ సంవత్సరంలో ముఖ్యంగా మత్తయి, బి లో మార్కు, సి లో లూకా. సంవత్సరం అంకె మూడుతో నిశ్శేషంగా భాగించబడితే అది సి. 2025 సి, 2026 ఏ, 2027 బి. అయితే ఆ సంవత్సరం జనవరిలో కాక అంతకు ముందు ఆగమన కాలపు (క్రిస్మస్‌కు ముందు వారాల) మొదటి ఆదివారంతోనే మొదలవుతుంది. మామూలు రోజుల్లో సువిశేషం ఏటా అదే వస్తుంది, మొదటి పఠనం మాత్రం సామాన్య కాలంలో, అంటే పండుగ కాలాలు కాని వారాల్లో, బేసి, సరి సంవత్సరాలుగా మారుతుంది. ఆ కాలంలోనే సువిశేషాలు ముందు మార్కు, తర్వాత మత్తయి, ఆఖరున లూకా వరసగా నడుస్తాయి.

దీని బలం ఏమిటంటే మీరు చిత్తూరులో చదివే సువిశేషాన్నే అదే రోజు వేరే ఊళ్లో ఉన్న మీ అక్కా చదువుతుంది, గుడిలో ఫాదర్ గారూ దాని మీదే మాట్లాడతారు. ఫోనులో మాట్లాడుకోవడానికి ఒక సంగతి దొరుకుతుంది. లోటేమిటంటే పాత నిబంధనలో చాలా భాగం ఇందులో రాదు, వచ్చే భాగాల్లోనూ నడుమ వచనాలు కొన్ని వదిలేస్తారు. వారానికొకసారి ఆ వదిలేసిన వచనాల్ని బైబిలులో వెతికి చదవండి. చదువు లోతు పెరిగేది అక్కడే. సి.ఎస్.ఐ., లూథరన్ సంఘాలవాళ్లకు ఆదివారపు పాఠాలు ముందే తెలుస్తాయి గనక శనివారం సాయంత్రం వాటిని ఒకసారి చదివి వెళ్తే ప్రసంగం రెండింతలు ఎక్కుతుంది.

ఒకే పుస్తకం, నెమ్మదిగా

రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు వచనాలు, పుస్తకం అయ్యేదాకా వేరే చోటికి పోకూడదు. ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రికలో 104 వచనాలు, రోజుకు ఎనిమిది చొప్పున 13 రోజులు. రూతు 85 వచనాలు, అది కూడా రెండు వారాల లోపే. మార్కు సువార్త 678, పదేసి చొప్పున 68 రోజులు. అదే మార్కును రోజుకు 17 వచనాలు చదివితే ఆదివారాలు పోగా శ్రమల కాలపు నలభై రోజులకు సరిగ్గా సరిపోతుంది.

ఈ తేడా కళ్లకు కట్టాలంటే మార్కు 1:35 తీసుకోండి. "ఆయన పెందలకడనే లేచి యింకను చాల చీకటి యుండగానే బయలుదేరి, అరణ్య ప్రదేశమునకు వెళ్లి, అక్కడ ప్రార్థన చేయుచుండెను." ఈ ఒక్క వచనమే కార్డు మీద ఉంటే, రేపటినుంచి నాలుగింటికి లేవాలి అన్న నిర్ణయంతో ముగుస్తుంది. మూడు నాలుగు అధ్యాయాలు చదివే పద్ధతిలో ఇది కళ్ల ముందునుంచి జారిపోతుంది. 29 నుంచి 39 దాకా పదకొండు వచనాలు నెమ్మదిగా చదివినప్పుడు వేరే సంగతి తేలుతుంది. క్రితం రాత్రి పట్టణమంతా తలుపు దగ్గర కూడింది. పొద్దున్నే శిష్యులు వెతుక్కుంటూ వచ్చి "అందరు నిన్ను వెదకుచున్నారు" అన్నారు. పేరు వచ్చిన ఊరు, నిండిన వాకిలి. యేసు మాత్రం పక్క గ్రామాలకు వెళ్దాం రండి అన్నాడు. జనం రమ్మన్న చోటికి కాక తాను పంపబడిన పనికి వెళ్లగలిగిన నిబ్బరం ఆ చీకటిలో చేసిన ప్రార్థననుంచి వచ్చింది. పదిమంది పది పనులకు పిలిచే మనిషికి ఈ మాట ఎంత కావాలో!

అందుకే ఎక్కువ ఇళ్లకు మా సలహా ఇదే: ఒకే పుస్తకం, నెమ్మదిగా, మొదట మార్కు సువార్త. దీనికీ ఒక చిక్కు ఉంది. నచ్చిన పుస్తకాల దగ్గరే తిరుగుతూ ఉండిపోతాం. ఒక సువార్త, ఒక పాత నిబంధన పుస్తకం, ఒక పత్రిక, మళ్లీ సువార్త, ఇలా మార్చుకుంటే ఆ ఏకపక్షం రాదు.

చదివాక ఏం చేయాలి

12వ శతాబ్దంలో రెండవ గీగో అనే కార్తూసియన్ సన్యాసి దీన్ని నాలుగు మెట్ల నిచ్చెనగా రాశాడు: పఠనం, ధ్యానం, ప్రార్థన, దైవసన్నిధిలో నిలకడ. పఠనం ముద్ద నోట్లో పెడుతుందని, ధ్యానం నములుతుందని, ప్రార్థన రుచి లాగుతుందని, నాలుగోది ఆ తీపేనని ఆయన పోలిక. పాడి ఉన్న చిత్తూరు పల్లెల్లో దీన్ని వేరే చెప్పక్కర్లేదు. ఆవు గబగబా మేసి, తర్వాత తీరిగ్గా నెమరు వేస్తుంది. నెమరు లేకపోతే మేత ఒంటికి పట్టదు.

ఇరవై నిమిషాలుంటే ఇలా పంచుకోండి. అయిదు నిమిషాలు ఒకే భాగాన్ని రెండుసార్లు చదవడం, రెండోసారి పెదవులు కదిలేలా. ఏడు నిమిషాలు మనసు ఆగిన ఒక్క మాట దగ్గర నిలవడం. అయిదు నిమిషాలు ఆ మాటతోనే దేవునితో మాట్లాడడం. చివరి మూడు మౌనంగా. మౌనంలో పాల లెక్కలు, పిల్లల ఫీజులు గుర్తొస్తాయి, అది సహజం. పక్కనే కాగితం పెట్టుకుని గుర్తొచ్చిన పనిని ఒక్క ముక్కలో రాసిపెట్టి తిరిగి రండి. బుర్ర దాన్ని మోయడం ఆపేస్తుంది.

మౌనం కుదరని యువకులకు స్వీడిష్ పద్ధతి బాగుంటుంది. పెన్సిలుతో మూడు గుర్తులు: కొత్తగా వెలిగిన వచనం దగ్గర దీపం, అర్థం కానిచోట ప్రశ్న గుర్తు, చేయవలసిన పని కనబడ్డచోట బాణం. నలుగురైదుగురు కూర్చుని పది నిమిషాలు ఎవరికి వాళ్లు గుర్తులు పెట్టుకుని, తర్వాత చెప్పుకుంటే మాటకారి ఒక్కడే మాట్లాడే చిక్కు తప్పుతుంది. ప్రశ్న గుర్తుల్ని దాచకుండా పాస్టరు గారిని అడగండి.

నోటు పుస్తకం పెట్టేవాళ్లకు రోజుకు అర పేజీ చాలు: తేదీ, భాగం, చూసినది, అడిగేది, చేసేది. చాలా పుస్తకాలు పాడయ్యేది "చేసేది" దగ్గర. "అందరినీ ప్రేమించాలి" అని రాస్తే అది పని కాదు. "ఈ రోజు ఏడింటిలోగా తమ్ముడికి ఫోన్ చేయాలి, పొలం మాట ఎత్తకుండా" అని రాస్తే పని. రాత్రికల్లా అయ్యిందో లేదో తేలిపోయేలా ఉండాలి.

మాట అర్థమయ్యే బైబిలు

పాత అనువాదం చెవికి ఇంపు. పెద్దలకు వచనాలు నోటికి వచ్చేదీ అందులోనే. అయితే కొన్ని మాటలు ఇప్పటి వాడుకలో వేరే అర్థంలో నడుస్తున్నాయి. సమాధానం అంటే బడిపిల్లలకు ప్రశ్నకు జవాబు. బైబిలులో అది శాంతి. "సమస్త జ్ఞానమునకు మించిన దేవుని సమాధానము" అన్నచోట పిల్లవాడు దేవుడు చెప్పే జవాబు అనుకుంటాడు. నిరీక్షణ బయట ఎదురుచూపు, బైబిలులో ఆశ. అతిశయించడమంటే బైబిలులో గొప్పలు చెప్పుకోవడం. ఇలాంటివి ఒక ఇరవై రాసి బైబిలు అట్ట లోపల అంటించండి. వేలూరు వైపు సంబంధాలున్న ఇళ్లలో అరవం వచ్చిన అవ్వ ఉంటే ఆమెను అడగండి. తమిళంలో సమాదానం అంటే ఈనాటికీ శాంతే. అధ్యాయం, వచనం అంకెలు కలుస్తాయి గనక ఒకే ఇంట్లో ఒకరు తమిళంలో, ఒకరు తెలుగులో చదివి పోల్చుకోవచ్చు.

పిల్లలకు సులభ భాషలోని అనువాదం చదవనిచ్చి, కంఠతా మాత్రం పాత అనువాదంలో పట్టించండి. కతోలికుల పవిత్ర గ్రంథంలో తోబీతు, యూదితు, మక్కబీయులు వంటివి కలిపి 73 పుస్తకాలున్నాయి. పైన చెప్పిన 1,189 లెక్క దానికి వర్తించదు.

ఫోనులో చదివితే ముందు విమానం గుర్తు నొక్కి నెట్ ఆపండి. వాట్సాప్ శబ్దం వచ్చిందంటే వచనం పోయినట్టే. కాగితపు బైబిలులో పేజీ ఏ పక్కన, ఏ మూలన ఉందో కూడా గుర్తుంటుంది, జ్ఞాపకానికి అది చిన్న సాయం కాదు.

ఎవరికి ఏది

శ్రీసిటీలో షిఫ్టులు మారే ఉద్యోగికి తెల్లవారుజాము నియమం పెట్టకండి. గడియారాన్ని కాక పనిని పట్టుకోవాలి. ఏ షిఫ్టయినా బయలుదేరే ముందు పది నిమిషాలు, ఎనిమిది వచనాలు. బస్సులో ఆడియో వినవచ్చు. తిరుపతినుంచి చిత్తూరు సుమారు 70 కిలోమీటర్లు, ఒక్క ప్రయాణంలో మార్కు సువార్త దాదాపు మొత్తం వినిపిస్తుంది. వినడం పుస్తకం మొత్తం తెలియడానికి పనికొస్తుంది. ధ్యానానికి మాత్రం దిగాక ఒక్క వచనమైనా కళ్లతో చూడాలి.

తెల్లారకముందే పాలు పితికే ఇల్లాలికి పొద్దున కుదరదు. పాల కేంద్రం పని అయ్యాక, వంటకు ముందు దొరికే పావుగంట ఆమెది. ఆ వేళకు ధ్యాన పుస్తకం లేదా కీర్తనల్లో పది వచనాలు. కీర్తన 119 వస్తే 176 వచనాలు చూసి బెదరక్కర్లేదు. అది ఎనిమిదేసి వచనాల 22 భాగాలుగానే ఉంది, రోజుకొక భాగం.

కుటుంబ ప్రార్థనలో తలా ఒక వచనం చదివే అలవాటు మన దగ్గర బాగా ఉంది. పిల్లలు తమ వంతు వచనాన్ని లెక్కపెట్టుకుంటూ మిగతావి వినరు. ఒక్కరే పది వచనాలు చదివి, తక్కినవాళ్లు పుస్తకం మూసి విననివ్వండి. తర్వాత ఒక్క ప్రశ్న వేయండి, ఇందులో ఎవరు ఏం చేశారు అని. పది నిమిషాల్లో ముగించండి. పరీక్షల నెలలో అయిదు చాలు.

చూపు మందగించిన పెద్దలకు పెద్ద అక్షరాల బైబిలు, లేదంటే మనవరాలి గొంతు.

ఏది ఎంచుకున్నా ఆరు వారాలు మార్చకుండా చదవండి. మొదటి రెండు వారాల్లో ఏ పద్ధతైనా కొత్తగా, బాగానే ఉంటుంది. మూడు నాలుగు వారాలప్పుడు విసుగొస్తుంది, అప్పుడే చాలామంది వేరే పట్టిక వెతుక్కుంటారు. ఆరో వారం చివర నోటు పుస్తకం తిరగేసి "చేసేది" కింద రాసినవాటిలో ఎన్ని జరిగాయో లెక్కపెట్టండి. వారానికి రెండైనా జరిగి ఉంటే ఆ పద్ధతిలోనే ఉండండి. ఒక్కటీ లేకపోతే భాగాన్ని సగానికి తగ్గించి, సమయం అంతే ఉంచి, మరో ఆరు వారాలు చూడండి. మొదలుపెట్టడానికి జనవరి రానక్కర్లేదు. రేపు పొద్దున మార్కు 1:1 నుంచి 8 దాకా.